మొప్పలెత్తి చూడాల్సిన బొమ్మ

పోయిన నెల ఈ శీర్షిక పక్కన ఒక పాత చేపల సంత బొమ్మ వేశాం. ఇప్పుడు బెల్జియంలో ఉన్న ఆంట్‌వెర్ప్ అనే రేవుపట్నంలో యోవాఖిమ్ బ్యూకెలేర్ అనే ఆయన 1569లో వేసిన బొమ్మ అది, పేరు ‘నీరు’. మన అచ్చులో అరచెయ్యంత వచ్చింది గానీ అసలుది ఐదడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దీనికి వచ్చినన్ని ఉత్తరాలు అంతకు ముందు వేసిన రవివర్మ లక్ష్మీదేవికి కూడా రాలేదు. గోదావరి జిల్లాలవాళ్ళకి చేపని చూపించి ఊరుకోమంటే ఊరుకుంటారా! అందుకని ఈ నెల అంతా సంత బొమ్మలే. మిగతా ప్రశ్నలవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు బియ్యపుతిప్ప నుంచి గంపతో చేపలు తెచ్చి నరసాపురంలో అమ్మింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక నా దగ్గరే ఉంటోంది. మీరు వేసిన బొమ్మ కత్తిరించి అద్దం పక్కన అంటించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, “చేపలు బాగా గీసేడే. కళ్ళు సూడు, ఇయ్యి పొద్దుటి చేపలే. అమ్మటం మాత్రం ఈడికి రాదు. ఇన్ని రకాలు ఒక్క బల్ల మీద కలిపేత్తే బేరం ఎలా తెగుద్ది?” అంది. ఆదివారం ప్రార్థనకి వచ్చిన అయ్యగారు ఆ బొమ్మ చూసి, అందులో ఉన్నవి పన్నెండు రకాల చేపలనీ, పన్నెండుమంది శిష్యులకీ అవి గుర్తులనీ చెప్పారు. అమ్మ వెంటనే “అయితే యేసుని పట్టిచ్చిన యూదా ఏ చేపండి అయ్యగారూ?” అనేసింది. ఆయన నవ్వేసి, టీ తాగి వెళ్ళిపోయారు. ఇంతకీ మా అమ్మ అడిగినదానికి జవాబుందా అండి?
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పమ్మా. ముప్ఫై మూడేళ్ళు బడిలో డ్రాయింగ్ చెప్పాను, అంత మంచి ప్రశ్న ఒక్క పిల్లాడూ అడగలేదు.

అయ్యగారి మాట గాలిమాటేం కాదు. పన్నెండు రకాలు, పన్నెండుమంది శిష్యులు అని ఈ బొమ్మ గురించి తెలిసినవాళ్ళే రాశారు. లెక్క కుదిరింది కదా అని అందరూ అక్కడితో సరిపెట్టుకుంటారు. మీ అమ్మగారు సరిపెట్టుకోలేదు. ఆవిడకి కావలసిన జవాబు బొమ్మలో వెనకపక్క ఉంది.

అద్దం పక్కనుంచి ఊడదీసి, ఆ కాగితాన్ని వీధరుగు మీదకి, వెలుతుర్లోకి తీసుకెళ్ళు. చేపలు అమ్మేవాళ్ళ వెనకాల ఒక తోరణం కనిపిస్తుంది. అందులోంచి చూస్తే నీళ్ళు, పడవ, మనుషులు. మన అచ్చులో అది బఠాణీ గింజంతే. ఆ నీళ్ళు తిబెరియ సముద్రం. యోహాను సువార్త 21వ అధ్యాయం అమ్మగారికి నోటికి వచ్చే ఉంటుంది. రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడదు. తెల్లవారుతుండగా ఒడ్డున నిలబడ్డ మనిషి కుడివైపు వెయ్యమంటాడు. వేస్తే 153 పెద్ద చేపలు, అయినా వల పిగలదు. ఆయన ప్రభువేనని పక్కనున్న శిష్యుడు చెప్పగానే పేతురు పై బట్ట చుట్టుకుని నీళ్ళలోకి దూకేస్తాడు. ఒడ్డుకి వచ్చేసరికి నిప్పులు రాజేసి ఉంటాయి, నిప్పుల మీద చేప, పక్కన రొట్టె.

ఇదంతా సిలువ అయ్యాక, ఆయన తిరిగి లేచాక జరిగిన సంగతి. అప్పటికి యూదా లేడు. ఆ రాత్రి పడవెక్కింది కూడా ఏడుగురేనని సువార్తలోనే లెక్క ఉంది. కాబట్టి అమ్మగారితో చెప్పు, యూదా ఏ చేపా కాదు, ఆ పూట వేటకే రాలేదు అని. పన్నెండు అనే అంకెని శిష్యులందరికీ కలిపి ఒక గుర్తుగా తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. తలకో చేప పంచడం మాత్రం నాకు మింగుడుపడదు. చేపకీ క్రీస్తుకీ ముడి అంతకంటే పాతది. గ్రీకులో చేపని ఇఖ్తుస్ అంటారు, అయిదక్షరాల మాట. యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు అనే అయిదు గ్రీకు మాటల మొదటి అక్షరాలు కలిపితే అదే వస్తుంది. తొలినాటి క్రైస్తవులు ఒకరినొకరు గుర్తుపట్టడానికి చేపబొమ్మ గీసుకునేవారు.

ఇప్పుడు అసలు సంగతి. దేవుణ్ణి బఠాణీ గింజంత చేసి వెనక పెట్టి, చేపల్ని నిలువెత్తున ముందు పొయ్యడం ఏమిటి? ఈ పద్ధతి బ్యూకెలేర్‌ది కాదు. పీటర్ ఆర్ట్‌సెన్ దగ్గర నేర్చుకున్నాడు. ఆయన బ్యూకెలేర్ మేనత్త మొగుడు, అంటే మన వరసలో మావయ్య. పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, వచ్చి స్థిరపడి పేరు తెచ్చుకుంది ఆంట్‌వెర్ప్‌లో. ఈ మావయ్య 1551లో ఒక మాంసం కొట్టు బొమ్మ వేశాడు, అది స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయం దగ్గరుంది. దాన్ని మొదటిసారి పుస్తకంలో చూసిన రోజు మా ఆవిడ ఆ పేజీ మీద పేపరు కప్పేసింది. ఎదురుగా తోలు వలిచిన ఎద్దు తల, దాని కన్ను తిన్నగా మననే చూస్తూ ఉంటుంది. పంది తల, కాళ్ళు, ఈకలు పీకిన కోళ్ళు, దండల్లా వేలాడే మాంసపు గొట్టాలు, వెన్నముద్ద. వీటి సందులోంచి, ఎడమవైపు దూరంగా, గాడిద మీద మరియమ్మ. ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, పారిపోతున్న తల్లి, తనకే దిక్కులేదు, అయినా వంగి ఒక బిచ్చగాడికి రొట్టె ఇస్తోంది. కుడివైపు పూటకూళ్ళ ఇల్లు లాంటిదొకటి, జనం తింటున్నారు, తాగుతున్నారు, ఒకడు కూజాలో నీళ్ళు పోస్తున్నాడు. సారాయిలో నీళ్ళు కలిపే బాపతేనని చాలామంది అనుమానం. మాంసం మధ్యలో పళ్ళెంలో రెండు చేపలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, సిలువ ఆకారంలో పడుకుని ఉంటాయి.

ఆ బొమ్మ మీద తారీకు వేసి ఉంది, మార్చి 10. ఈస్టరుకి ముందు నలభై రోజులు ఉపవాసాల్లో పడే తారీకు. అంటే ఊరంతా మాంసం మానేసిన రోజుల్లో, కసాయి కొట్లకి బేరం లేని రోజుల్లో, కొట్టు నిండా మాంసం వేశాడు. కార్తీకమాసంలో మన చికెన్ సెంటర్ల దగ్గరికి ఒకసారి వెళ్ళి చూడు. కొట్టువాడు కత్తి కడిగి పక్కన పెట్టుకుని సెల్‌ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. అప్పుడు ఎవడైనా ఆ కొట్టుని నిండుగా, నోరూరేట్టు బొమ్మ వేసి మీ వీధరుగు మీద ఆనించి పోయాడనుకో, కార్తీక స్నానం చేసి వచ్చిన మీ ఇంటాయన ఏం చేస్తాడు? చూడకూడదనుకుంటూనే చూస్తాడు. అలా చూస్తున్నవాడికి సందులోంచి రొట్టె ఇస్తున్న చెయ్యి కనపడుతుందా లేదా అన్నదే ఆ మావయ్య పందెం. మేనల్లుడు ఆ పందేన్ని మాంసం కొట్టులోంచి చేపల బల్ల దగ్గరికి తెచ్చాడు. మాంసం మానే శుక్రవారాల్లో వాళ్ళకి చేపే ఆధారం, అంచేత చేపల సంతలో ఎప్పుడూ జనమే.

గుర్తు అంటే ఏమిటో నాకు పాఠం చెప్పింది పుస్తకాలు కాదమ్మా, పులస. పదిహేనేళ్ళ కిందట వరదల రోజుల్లో, మా వియ్యంకుడుగారు వస్తున్నారని, గట్టు మీద ఒకతని దగ్గర పులస కొన్నాను. ధర చెబితే మా ఆవిడ ఇప్పటికీ ఊరుకోదు. చూడ్డానికి వెండిలా మెరుస్తోంది, పొలుసు నిండుగా ఉంది, పేరు పులస. రాత్రంతా దాకలో ఉంచి పొద్దున్న తింటే పులుసు మామూలు పులుసే. అది విలస. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చాకే పులస అవుతుంది. చేప అదే, వచ్చిన దారి వేరు. వియ్యంకుడుగారు మర్యాదకి “బాగుందండి బావగారూ” అన్నారు. పక్కింటి చేపల పాపమ్మ అయితే “మొప్పెత్తి సూడకుండా రంగు సూసి కొన్నారా మేస్టారూ, బొమ్మలేసుకునే బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు” అంది.

మీ అమ్మగారు బ్యూకెలేర్ బొమ్మలో ముందు చేప కన్ను చూశారు. తాజాదని తేల్చుకున్నారు. ఆ తరవాత అమ్మకం తప్పు పట్టారు. ఆ తరవాతే యూదా దగ్గరికి వెళ్ళారు. సరైన వరస అది. చేప చేపగా నిలబడకపోతే దాని మీద ఎంత అర్థం మోపినా కుళ్ళిన చేప మీద ఐసు వేసినట్టే. రకాలన్నీ ఒక్క బల్ల మీద కలిపేశాడన్న ఫిర్యాదుకి నా దగ్గర సమాధానం ఒక్కటే ఉంది. ఆయన అమ్ముతున్నది చేపల్ని కాదు, బొమ్మని. ఆ బేరంలో ఎన్ని రకాలుంటే అంత గిరాకీ.

ఇంకొక్క మాట. మీ ఊళ్ళో వలందర రేవు ఉంది కదా, డచ్చివాళ్ళని మనవాళ్ళు వలందులన్నారు, ఆ పేరే రేవుకి మిగిలింది. బ్యూకెలేర్ పోయిన కొన్ని పదుల ఏళ్ళకి, ఆ మావయ్య పుట్టిన దేశంవాళ్ళు ఓడలేసుకుని మన పాలకొల్లు, నరసాపురం దాకా వచ్చి బట్టల వ్యాపారం చేశారు. అమ్మగారిని ఒక సాయంత్రం రేవులో కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పు.

ప్రశ్న: భక్తి బొమ్మ వేసే ఉద్దేశం ఉంటే నేరుగా వెయ్యొచ్చు కదండి, ఈ దొంగచాటు ఎందుకు? భయమా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: భయానికి కారణం లేకపోలేదు. 1566 ఆగస్టులో ఆంట్‌వెర్ప్ చర్చిల్లోకి జనం జొరబడి, విగ్రహారాధన పాపమంటూ బొమ్మలూ విగ్రహాలూ పగలగొట్టారు. అక్కడి ఊళ్ళన్నిటా ఆ ఏడాది అదే వరస. మావయ్య ఆర్ట్‌సెన్ చర్చిలకి వేసిన పెద్ద బొమ్మలు చాలా ఆ గొడవల్లో పోయాయి. చేపల సంత దానికి మూడేళ్ళ తరవాతది. అందుకని కొందరు మీలాగే భయం అంటారు. నేను ఒప్పుకోను. మాంసం కొట్టు 1551 నాటిది, గొడవకి పదిహేనేళ్ళ ముందే ఆయన దేవుణ్ణి వెనక్కి జరిపాడు. అప్పుడు ఎవరూ కర్ర పట్టుకుని రాలేదు. ఆంట్‌వెర్ప్ ఆ రోజుల్లో యూరప్‌లోకెల్లా పెద్ద వ్యాపారపు రేవుల్లో ఒకటి. స్కెల్ట్ నది మీద సరుకు దిగుతూనే ఉండేది. డబ్బున్న వర్తకులు తమ భోజనాల గదికి బొమ్మ కావాలంటే మేకులు కొట్టిన పాదాలు అడుగుతారా, నిండు సంత అడుగుతారా? అలాగని దేవుడు లేకుండా ఉండటమూ వాళ్ళకి మనసొప్పదు. ఇద్దరికీ చోటు దొరికింది.

ప్రశ్న: మాది రావులపాలెం, అరటికాయల వ్యాపారం. చేపల బొమ్మకి ‘నీరు’ అని పేరు పెట్టారని రాశారు. నేల, నిప్పు కూడా ఉన్నాయా? మా అరటిగెలలేమైనా వేశాడా?
— ఒక వ్యాపారి, రావులపాలెం

జవాబు: గెలలు లేవండి, అక్కడ అరటి పండదు. బొమ్మలు నాలుగు. మనకి పంచభూతాలైతే వాళ్ళు ఈ లెక్కలో ఆకాశాన్ని వదిలేసి నాలుగే పెట్టుకున్నారు. నేల అంటే కూరగాయలు, పళ్ళ సంత, మీ లైనే. కాబేజీలు గుట్టలుగా పోసి ఉంటాయి, వెనకాల వంతెన మీద యోసేపు, మరియ బిడ్డతో ఐగుప్తుకి వెళ్తుంటారు. నీరు మన చేపలు. ఈ రెండూ 1569. గాలి అంటే కోళ్ళు, పక్షులు, గుడ్లు అమ్మే సంత. నిప్పు వంటిల్లు. ఈ రెండూ 1570. వంటింటి బొమ్మలో ఆడవాళ్ళు కోళ్ళూ మాంసమూ సవరించుకుంటూ ఉంటారు, వాళ్ళ వెనక ఇంకో గదిలో యేసు, మార్త, మరియ. చెల్లెలు పని మానేసి మాటలు వింటూ కూర్చుందని అక్క విసుక్కునే ఘట్టం, లూకా 10. నాలుగు బొమ్మల్లోనూ నాకు ఇష్టమైనది ఇదే. పెళ్ళి వంటల దగ్గర నిలబడి కన్యాదానం చూడలేకపోయిన మా పెద్దక్క గుర్తొస్తుంది.

ప్రశ్న: ఈ బొమ్మల్లో దోసకాయలు, పక్షులు, గుడ్లు అన్నిటికీ బూతర్థాలున్నాయని విన్నాం. నిజమేనా సార్? సిగ్గుపడకుండా చెప్పండి.
— కాలేజీ విద్యార్థులు, భీమవరం

జవాబు: నిజమే. డచ్చి భాషలో పక్షిని వోఖెల్ అంటారు. దాన్నే క్రియ చేస్తే ఆ రోజుల్లో పడకగది పని అని అర్థం. పక్షి అమ్మేవాడు అమ్మాయి ముందు కోడిని ఎత్తి చూపిస్తుంటే చూసేవాళ్ళకి ఎక్కడ నవ్వు రావాలో అక్కడే వచ్చేది. గాలి బొమ్మ వెనకాల ఉన్నది లూకా 15లోని తప్పిపోయిన కుమారుడు, తండ్రి సొమ్ము ఆడవాళ్ళతో తగలేస్తున్న ఘట్టం. కనక ఆ హాస్యం ఊరికే రాలేదు. అలాగని ప్రతి దోసకాయనీ పట్టుకుని వెతక్కండి నాయనా. కొన్ని దోసకాయలు పచ్చడికే.

ప్రశ్న: ఇంత గొప్పగా వేసినాయన బాగా సంపాదించాడా?
— ఒక గృహిణి, అమలాపురం

జవాబు: లేదమ్మా. చిత్రకారుల జీవితాలు సేకరించి 1604లో అచ్చు వేసిన కారెల్ వాన్ మాండర్ రాసినదాన్ని బట్టి, బతికున్నంతకాలం ఆయన బొమ్మలు కారుచౌకగా పోయాయి. వేరే చిత్రకారుల బొమ్మల్లో బట్టలు దిద్దడానికి కూలికి కూడా వెళ్ళాడు. పోయాక ధరలు పెరిగాయి. బతికుండగా కూర బాగుందని ఎవరూ అనరు, మీకు తెలియనిదేముంది!

ప్రశ్న: మాస్టర్ గారూ, నేను ఏడో తరగతి. చేప బొమ్మ వేస్తే పొలుసులు అచ్చం పెంకుటింటి కప్పులా వస్తున్నాయి. మా అన్నయ్య ఎక్కిరిస్తున్నాడు. ఎలా వెయ్యాలి?
— ఒక పాప, అంతర్వేది

జవాబు: మీ అన్నయ్యని పట్టించుకోకు. బ్యూకెలేర్‌కి కూడా మొదట్లో రంగులు లొంగలేదట. మావయ్య ఆయన ముందు కూరలు, పళ్ళు, మాంసం, చేపలు పెట్టి, చూసి వెయ్యమన్నాడట. అలా వేసి వేసి చెయ్యి తిరిగింది. ఇదీ వాన్ మాండర్ చెప్పిందే.

నువ్వు పుస్తకంలో చేపని చూసి వేస్తున్నావు, కదూ? ఆదివారం నాన్నగారు తెచ్చిన శీలావతిని అమ్మ కత్తిపీట దగ్గరికి తీసుకెళ్ళకముందే అడిగి తీసుకో. స్టీలు పళ్ళెం వద్దు, అది కూడా మెరిసి నిన్ను తికమక పెడుతుంది. అరటాకు మీద పెట్టి కిటికీ పక్కన ఉంచు. వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. ముందు మొప్ప దగ్గర్నుంచి తోక దాకా పక్కన సన్నగా ఒక గీత కనిపిస్తుంది చూడు, అది గియ్యి. పొలుసులు ఆ గీతకి సమాంతరంగా వరసలు కట్టి ఉంటాయి. అన్నీ గియ్యకు. వెలుతురు తగిలేచోట కాగితం తెల్లగా వదిలెయ్యి, నీడ మొదలయ్యే చోట పదో పన్నెండో పొలుసులు శ్రద్ధగా వెయ్యి, పొట్ట దగ్గరికి వచ్చేసరికి వేలితో రుద్దెయ్యి. మిగతావి చూసేవాళ్ళ కన్నే వేసుకుంటుంది. కంట్లో ఒక తెల్ల చుక్క మర్చిపోకు, నరసాపురం మామ్మగారు ముందు చూసేది అదే.

అరగంటలో ముగించు, లేకపోతే అమ్మకి కోపం వస్తుంది. వేసేటప్పుడు పిల్లిని గదిలోంచి పంపించి తలుపెయ్యి.